చలి రాత్రుల పొలము పనికి ఎట్టి వెచ్చని బట్ట కావలెను?

డిసెంబరు, జనవరి నెలలలో రైతుకు పని పగటితో ముగియదు. ఆరుతడి పైర్లకు రాత్రివేళ నీరు కట్టవలసి వచ్చును. మొక్కజొన్న, వేరుశనగ చేలను అడవిపందుల నుండి కాపాడుటకు మంచెమీద మేలుకొని ఉండవలెను. కళ్లములోని పంటకు కాపలా పడుకొనవలెను. కూరగాయలు పండించువారు తెల్లవారుజామున మోటారు సైకిలుమీద గంపలు కట్టుకొని రైతుబజారుకు బయలుదేరవలెను. గొర్రెల కాపరులు మందతోపాటు బయలు పొలములోనే రాత్రి గడుపుదురు. ఈ పనులన్నియు ఏడాదిలో మిక్కిలి చలిగా ఉండు గంటలలోనే జరుగును.

మన ప్రాంతములలో చలి లేదనుకొనుట పొరపాటు. సముద్రమట్టమునకు సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగి, చింతపల్లి ప్రాంతములలో కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత 5 డిగ్రీలకు దిగువకు పోవును. ఆదిలాబాదు, కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలలో అది 10 డిగ్రీలకు తగ్గుట ప్రతి ఏటా చూచుచున్నదే. మైదాన ప్రాంతములో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు గాని అంతకు తక్కువకు గాని దిగి, ఆ రోజులకు సహజమైన దానికంటె 4.5 డిగ్రీలైనను తగ్గినచో, దానిని వాతావరణ శాఖ శీతల గాలులుగా లెక్కించును.

పురుగుమందు కొనునపుడు మనము డబ్బామీది పేరు చదివి, ఎకరమునకు మోతాదు ఎంతో అడిగి తెలిసికొందుము. చలికోటు కొనునపుడు మాత్రము అది దళసరిగా ఉన్నదా, చవుకగా ఉన్నదా అని మాత్రమే చూతుము. లోపల కూరినది పత్తియా, ఉన్నియా, పాలిస్టరా అని అడుగువారు తక్కువ. తడిసిన మడిలోను, మండుచున్న నెగడు ప్రక్కను ప్రాణమునకు రక్షణ నిచ్చునది ఆ లోపలి సరుకే. కావున దానిని ఎన్నుకొను పద్ధతి ఈ పాఠములో వివరించబడినది.

వెచ్చదనము ఎక్కడనుండి వచ్చును?

ఏ బట్టయు తనంతట వేడి పుట్టించి మనకు ఇచ్చునది కాదు. వేడి పుట్టునది శరీరములోనే. కదలక కూర్చున్న మనిషి శరీరము నుండి సుమారు 100 వాట్ల పాత రకపు బల్బు నుండి వచ్చునంత వేడి ఎడతెగక బయలుదేరుచుండును. పారతో మట్టి తీయునపుడు ఇది మూడు, నాలుగు రెట్లు అగును. ఈ వేడిని త్వరగా బయటకు పోనీయకుండ ఆపుటయే బట్ట చేయు పని.

ఆపునది నిజమునకు బట్టలోని పోగు కాదు, పోగుల నడుమ చిక్కుకొని కదలక నిలిచిన గాలి. కదలని గాలి వేడిని చాల మెల్లగా పోనిచ్చును. నీరు అట్లు కాదు. గాలికంటె ఇరవై రెట్లకు పైగా వేగముగా వేడిని లాగివేయును. దీని నుండి మూడు సూత్రములు తెలియుచున్నవి.

మొదటిది, బట్ట ఎంత బరువున్నదని గాక, ఎంత పొంగి ఉన్నదని చూడవలెను. అణగిపోయిన దూదిలో గాలికి చోటు లేదు. అది బరువే గాని వెచ్చదనము కాదు.

రెండవది, లోపలి గాలి కదలకూడదు. ఎంత మెత్తని స్వెట్టరైనను ఎదురుగాలి దాని గుండా దూరినచో లోపల నిలిచిన వెచ్చని గాలి ఎగిరిపోవును.

మూడవది, బట్ట తడిసినచో గాలి ఉండవలసిన చోటును నీరు ఆక్రమించును. అప్పుడు కోటు మనలను కాపాడుటకు బదులు మన వేడిని తానే లాగివేయును.

మన చలి తీరు వేరు

హిమాలయ శిఖరములు ఎక్కువారు బాతుల మెత్తని నూగు ఈకలు కూరిన కోట్లు తొడుగుదురు. 1922 ఎవరెస్టు యాత్రలో జార్జి ఫించ్ అను ఆయన అట్టి కోటును తొడిగి, అది పనికివచ్చునని చూపెను. తూకము చూచినచో నూగు ఈకల కంటె వెచ్చనిది దొరకుట కష్టము. అయితే అంత ఎత్తున మంచు గడ్డకట్టి పొడిగా ఉండును. ఆ పొడి చలికి తగిన సరుకు మన పొలమునకు తగినదని చెప్పలేము. తడి తగిలిన వెంటనే నూగు ఈకలు ఉండకట్టి అణగిపోవును. ఆరుటకు ఎక్కువ కాలము పట్టును. ధరయు ఎక్కువ.

మన చలి తడి చలి. రాత్రి 10 గంటలకు మొదలుకొని తెల్లవారువరకు మంచు కురియును. కాలువ గట్టున నడచినంతనే మోకాళ్ల వరకు గడ్డిమీది మంచుతో బట్ట తడియును. మడవ తిప్పునపుడు పాదములు నీటిలోనే ఉండును. ఒక గంట పార పట్టి చెమట పోసిన తరువాత, మడి నిండువరకు గట్టున ఊరక కూర్చుండవలెను. శరీరము చల్లబడునది ఆ కూర్చున్న సమయములోనే. అప్పుడే ఎవరో నెగడు వేయుదురు. నిప్పురవ్వలు బట్టమీద పడును. కావున మన రైతు తన బట్టను మూడు ప్రశ్నలు అడుగవలెను: తడిసినను కొంతైన వెచ్చదనము నిలుపునా? త్వరగా ఆరునా? నిప్పురవ్వ పడినచో ఏమగును?

ఏ సరుకు ఎట్టిది?

పత్తి: పొడిగా ఉన్నంతవరకు పత్తి మంచిదే. కొత్తగా ఏకిన దూదితో కుట్టిన రజాయి, పాత చీరలు పొరలు పొరలుగా పేర్చి కుట్టిన బొంత ఇంటిలోను, పొడి కొట్టములోను పడుకొనుటకు హాయిగా ఉండును. పత్తి చెమటను పీల్చును, ఒంటికి మెత్తన. కాని అదియే బయట దాని దోషము. పీల్చిన నీటిని విడువదు, చర్మమునకు అంటుకొనును, పోగులు మెత్తబడి అణగిపోవును. తడిసిన బనియనుతోను, తడిసిన చొక్కాతోను గట్టున కూర్చున్నవాడు బట్ట లేనివానికంటె ఎక్కువగా చలి అనుభవించుట కలదు. దూది కూరిన కోటు రాత్రి నీరు కట్టు పనికి తగదు. పత్తికి నిప్పు త్వరగా అంటుకొనునని కూడ మరువరాదు.

ఉన్ని: ఉన్ని పోగు సహజముగా మెలికలు తిరిగి ఉండును. ఆ మెలికల నడుమ గాలి నిలుచును. ఎంత మడిచినను మరల పొంగును. ఉన్నికి మరియొక విచిత్రమైన గుణము ఉన్నది. అది తన బరువులో సుమారు మూడవ వంతు తేమను ఆవిరిగా పోగు లోపలికి తీసికొనగలదు. అయినను పైకి తడిగా తోచదు. ఆ తేమను పీల్చునపుడు కొద్దిగా వేడి కూడ విడుదల అగును. పూర్తిగా నానినచో ఉన్నియు వెచ్చదనమును కొంత కోల్పోవును, బరువెక్కును. అయినను పత్తివలె చతికిలబడదు. నిప్పురవ్వ పడినచోట నల్లబడి, రవ్వ తీసినంతనే సామాన్యముగా ఆరిపోవును. పై మూడు ప్రశ్నలలో మొదటిదానికి, మూడవదానికి ఉన్ని సరియైన జవాబు చెప్పును. రెండవదానిలో మాత్రము వెనుకబడును, ఆరుట నిదానము.

గొంగళి: తెలంగాణములో గొంగడి అనియు, తక్కినచోట్ల గొంగళి అనియు పిలుచు కంబళి దక్కనీ గొర్రెల ముతక ఉన్నితో కురుమ, కురుబ నేతపనివారు నేసినది. పడుగు దారము గట్టిపడుటకు చింతగింజల గంజి పట్టింతురు. కాపరులు దీనిని తలమీదుగా మొనవలె మడిచి కప్పుకొందురు. అందువలన మంచుబొట్లు లోపలికి ఇంకకముందే అంచుల వెంబడి జారిపోవును. పరచుకొనుటకు, కప్పుకొనుటకు, గాలికి అడ్డుగా నిలుపుకొనుటకు ఒక్క గొంగళియే చాలును. గుచ్చుకొనుట, బరువు దీని లోపములు. లోపల నూలు చొక్కా ఉన్నచో గుచ్చుకొనుట తెలియదు. ఉన్ని లేని నెల్లూరు జాతి గొర్రెలను మాంసము కొరకు పెంచుట పెరిగి, దక్కనీ మందలు అనేక గ్రామములలో తగ్గిపోయినవి. దానితో గొంగళి నేయువారును తగ్గిరి. మీ చుట్టుప్రక్కల నేయువారు ఇంకను ఉన్నచో ఒక మంచి గొంగళిని కొని ఉంచుకొనుట లాభము. జాగ్రత్తగా వాడినచో ఏళ్ల తరబడి మన్నును.

బూరుగు దూది: తెల్లబూరుగు కాయలలోని దూది పోగు లోపల బోలుగా ఉండి గాలితో నిండి ఉండును. పైన సహజమైన మైనపు పూత ఉండుటచేత నీటిని సులభముగా పీల్చదు. ఈ గుణము వలననే పూర్వము ఓడలలో నీట తేలు రక్షణ కోట్లలో దీనిని కూరెడివారు. దిండ్లకు, పరుపులకు, నడుము వరకు వచ్చు చేతులు లేని కోటుకు ఇది చవుకైన, తేలికైన సరుకు. పోగు పెళుసు గనుక కొన్ని ఏండ్లకు పొడియై అణగిపోవును. అంతకంటె ముఖ్యముగా, ఇది మిక్కిలి వేగముగా మండును. బూరుగు దూది కూరిన బట్టతో నెగడు దగ్గరకు పోరాదు.

పాలిస్టరు దూది: బజారులో దొరకు చవుక జర్కిన్లలో చాలవరకు ఉండునది ఇదియే. ఇది తేమను దాదాపుగా పీల్చదు. తడిసినను పిండి విదిలించినచో మరల పొంగును, త్వరగా ఆరును. తేలికగా ఉండును. నీటి పని చేయువానికి ఇవి గొప్ప సుగుణములు. పదేపదే మడిచి, మీద బరువు పెట్టి, ఉదికినచో క్రమముగా పలుచబడిపోవును. అన్నిటికంటె పెద్ద దోషము నిప్పు వద్ద కనబడును. పాలిస్టరు సుమారు 250-260 డిగ్రీల వద్ద కరగును. కరగినది చర్మమునకు అంటుకొని లోతైన కాలినగాయము చేయును. ఒక్క రవ్వ పడినను పైబట్టకు రంధ్రము పడి లోపలి దూది బయటకు వచ్చును.

ఫ్లీసు, ఆక్రిలిక్ స్వెట్టర్లు: ఫ్లీసు అనునది సాధారణముగా పాలిస్టరుతో నూగువలె చేసిన బట్ట. తేలిక, వెచ్చన, త్వరగా ఆరును. గాలి మాత్రము దాని గుండా సులభముగా దూరును. దానిపై గాలి ఆపు మరియొక పలుచని పొర ఉండవలెను. రోడ్డు ప్రక్క ఉన్ని స్వెట్టర్లు అని అమ్మువానిలో చాలవరకు ఆక్రిలిక్ అను కృత్రిమ దారముతో అల్లినవి. అవియు వెచ్చనివే గాని నిప్పుకు ఉన్నివలె నిలువవు, మండుచు కరగును.

కొనునపుడు గుర్తించుట ఎట్లు?

మొదట లోపలి చీటీ చదువవలెను. చీటీ లేనిచో, నమ్మకము కుదరనిచో, అతుకు లోపలి భాగమునుండి నాలుగు పోగులు లాగి, ఆరుబయట పట్టుకారుతో పట్టుకొని అగ్గిపుల్లతో కాల్చి చూడవలెను.

కాలిన వెంట్రుక వాసన వచ్చి, మంట తానే ఆరిపోయి, నలిపినచో పొడి అగు నల్లని బొగ్గు మిగిలినచో అది ఉన్ని. కాగితము కాలిన వాసన వచ్చి, మెత్తని బూడిద మిగిలినచో అది పత్తి. మంటకు ముడుచుకొని, కరగి, చల్లారిన తరువాత గట్టి పూస మిగిలినచో అది పాలిస్టరు గాని, ఆక్రిలిక్ గాని, అట్టి కృత్రిమపు పోగు గాని అగును. రెండు రకములు కలిపి నేసిన బట్టలో రెండు గుర్తులును కనబడును.

పిమ్మట కోటును అరచేతితో గట్టిగా అదిమి విడువవలెను. వెంటనే పొంగినచో లోపలి సరుకు బాగున్నది. దానిని దీపమునకు ఎదురుగా పట్టి చూచినచో దూది లేని ఖాళీలు తెలియును; ఆ ఖాళీల నుండియే చలి లోపలకు వచ్చును. కుట్టు వరుసలు మరీ దూరముగా ఉన్నచో రెండు ఉదుకులకే దూది జారి అంచున చేరును. మెడ, మణికట్టు, నడుము వద్ద బిగుతుగా పట్టు ఏర్పాటు ఉండవలెను. వంగి పార పట్టుటకు, చేతులు పైకెత్తుటకు వీలున్నదో లేదో అంగడిలోనే తొడిగి చూచుకొనవలెను.

ఇంటిలో చేయదగిన పరీక్ష

ఈ మాటలను నమ్ముటకంటె స్వయముగా పరీక్షించి చూచుట మేలు. ఒకే కొలత గల మూత సీసాలు నాలుగు తీసికొనుడు. అన్నిటిలోను ఒకే వేడి గల నీరు సమానముగా పోసి మూతలు బిగించుడు. ఒకదానికి ఏమియు చుట్టవద్దు. రెండవదానికి నూలు దుప్పటి ముక్క, మూడవదానికి గొంగళి ముక్క, నాలుగవదానికి పాలిస్టరు దూది కూరిన బట్ట, దాదాపు సమానమైన మందము వచ్చునట్లు చుట్టి, రాత్రి ఆరుబయట చెక్కమీద ఉంచుడు. ఒక గంట తరువాత 100 డిగ్రీల వరకు చూపు ధర్మామీటరుతో నీటి వేడిని చూచి వ్రాసికొనుడు. జ్వరము చూచు ధర్మామీటరు ఈ పనికి వాడరాదు.

మరునాడు అవే బట్టలను నీటిలో ముంచి, ఒకే రీతిగా పిండి, తడిగానే చుట్టి అదే పరీక్ష మరల చేయుడు. మొదటి రాత్రి లెక్కను, రెండవ రాత్రి లెక్కను ప్రక్కప్రక్కన ఉంచి చూడుడు. పొడిగా ఉన్నపుడు నూలు దుప్పటి చూపిన బలము తడిసిన తరువాత ఏమైనదో మీకే తెలియును. పాఠశాలలో చదువు పిల్లలచేత ఈ లెక్క వ్రాయించినచో వారికిని మంచి పాఠమగును.

పొరలుగా తొడుగవలెను

ఒక దళసరి కోటుకంటె మూడు పలుచని పొరలు మేలు. పొరకు పొరకు నడుమ గాలి నిలుచును. పనిని బట్టి ఒక పొర తీయవచ్చును, వేయవచ్చును.

లోపలి పొర పలుచనిదై చెమట త్వరగా ఆరునట్టిది కావలెను. నూలు బనియనే ఉన్నచో, వేరొక పొడి బనియను ప్లాస్టిక్ సంచిలో చుట్టి వెంట తీసికొనిపోవలెను. పార పని ముగియగానే చెమటకు తడిసినది విడిచి, ఒళ్లు తుడుచుకొని, పొడిది తొడుగుకొనవలెను. ఖర్చు లేని ఈ ఒక్క అలవాటు ఖరీదైన కోటుకంటె ఎక్కువ మేలు చేయును.

నడిమి పొర వేడిని నిలుపునది. ఉన్ని స్వెట్టరు, గొంగళి, పాలిస్టరు దూది జర్కిన్, ఫ్లీసు - వీనిలో పనికి తగినది ఎన్నుకొనవలెను. పార పట్టుటకు ముందే ఈ పొరను తీసి పొడిచోట ఉంచి, కూర్చుండగానే తొడుగవలెను. చలి వేసిన తరువాత తొడుగుదమని ఆగరాదు.

పై పొర గాలిని, మంచును ఆపునది. పలుచని వానకోటు ఇందుకు చాలును. అయితే ప్లాస్టిక్ కోటు చెమటను కూడ బయటకు పోనీయదు. కష్టపడి పని చేయునపుడు దానిని విప్పి ఉంచి, కూర్చున్నపుడును, బండిమీద పోవునపుడును వేసికొనవలెను. మోటారు సైకిలుమీద పోవువారు కోటు లోపల ఛాతీకి అడ్డముగా నాలుగు మడతల వార్తాపత్రిక ఉంచుకొనినచో ఎదురుగాలి చాలవరకు ఆగును.

తలకు, చెవులకు ఉన్ని టోపీ గాని మఫ్లరు గాని ఉండవలెను. నీటిలో దిగువారు గంబూట్లు తొడుగుట మంచిది. పామునుండియు కొంత రక్షణ కలుగును. లోపల ఉన్ని మేజోళ్లకు చోటు ఉండునట్లు కొంచెము పెద్ద కొలత తీసికొనవలెను. బిగుతు బూటులో గాలికి చోటుండదు, రక్తప్రసారము తగ్గి పాదము మరింత చల్లబడును.

రెండు హెచ్చరికలు ముఖ్యము. శాలువ, మఫ్లరు, గొంగళి కొసలు ఇంజను బెల్టులోను, నూర్పిడి యంత్రములోను చిక్కుకొని ప్రాణాపాయము కలుగవచ్చును. యంత్రము వద్ద వేలాడు బట్ట ఏదియు ఉండరాదు. తడిసిన చేతులతోను, తడిసిన చేతితొడుగులతోను మోటారు స్టార్టరును ముట్టరాదు.

కింద పరచునదే ముఖ్యము

కాపలా పడుకొనువారు పైన రెండు దుప్పట్లు కప్పుకొని, కింద ఒక గోనెసంచి మాత్రము వేసికొందురు. రాత్రంతయు తడి నేల వారి వేడిని లాగుచునే ఉండును. ఒంటి బరువుకు కింది బట్ట అణగిపోవును గనుక, కింద వేయు సరుకు అణగనిదై ఉండవలెను. ఎండిన వరిగడ్డి జానెడు మందమున పరచి, దానిమీద గోనె, గోనెమీద గొంగళిని గాని బొంతను గాని వేసినచో నేల చలి చాలవరకు ఆగును. గడ్డిలోని బోలు కాడలలో గాలి నిలుచును. గడ్డికి అడుగున టార్పాలిన్ వేసినచో నేల తేమ పైకి రాదు. నులక మంచముమీదను, మంచెమీదను పడుకొనువారికి అడుగునుండి గాలి తగులును. వారును పైన కప్పుకొనునంత కిందను వేసికొనవలెను.

దూడలకు కట్టు గోనె జూలుకును ఇదే సూత్రము వర్తించును. పేడతోను, మూత్రముతోను తడిసిన గోనె దూడకు హాని చేయును. ఉదయమే తీసి ఎండలో వేసి, సాయంకాలము పొడిగా ఉన్నదే కట్టవలెను.

నిప్పు, కుంపటి, సారా

నెగడు దగ్గర కూర్చుండువారు పాలిస్టరు జర్కిన్, ఆక్రిలిక్ స్వెట్టరు పైన గొంగళిని గాని ఉన్ని కంబళిని గాని కప్పుకొనవలెను. గాలి వచ్చు వైపున కూర్చుండవలెను. ఎదుటివైపు కూర్చున్నవారిమీదనే రవ్వలు పడును. చీర కొంగు, పంచె అంచు బిగించుకొనవలెను. బట్ట అంటుకొనినచో పరుగెత్తరాదు. నేలమీద పడి దొర్లవలెను. కాలినచోట పరిశుభ్రమైన చల్లని నీరు 20 నిమిషముల వరకు పోయవలెను. చర్మమునకు అంటుకొనిన బట్టను పీకరాదు.

తలుపులు మూసిన గుడిసెలో కుంపటి పెట్టుకొని నిద్రించుట మిక్కిలి ప్రమాదము. బొగ్గులనుండి కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి వాసన లేదు, రంగు లేదు. నిద్రలోనే ప్రాణము తీయును. పడుకొనుటకు ముందు కుంపటిని బయట పెట్టవలెను.

సారా త్రాగినచో చలి తగ్గునని కొందరు నమ్ముదురు. త్రాగినంతనే చర్మములోని రక్తనాళములు వెడల్పై ఒళ్లు వెచ్చబడినట్లు తోచును. నిజమునకు లోపలి వేడి ఆ దారినే బయటకు పోవుచుండును. చలిలో త్రాగి గట్టున నిద్రించుట ప్రాణాంతకము. మధుమేహ వ్యాధి గలవారిలో కొందరికి పాదములలో స్పర్శ తగ్గి ఉండును. వారు నెగడు దగ్గర పాదములు చాచరాదు, కాలుచున్నను తెలియదు.

చలి పట్టినవానికి చేయవలసినది

శరీరపు లోపలి వేడి 35 డిగ్రీలకు తగ్గినచో అది అపాయ స్థితి. ఆగని వణుకు, తడబడు మాట, పట్టు తప్పు చేతులు, మగత - ఇవి గుర్తులు. మనిషి ఇంకను చల్లగా, మగతగా ఉండగనే వణుకు ఆగిపోయినచో మెరుగైనదని భ్రమపడరాదు. స్థితి విషమించుచున్నదని తెలియవలెను. అతనిని గాలి తగులని చోటికి చేర్చి, తడిబట్టలు తీసి, పొడి కంబళిలో తలతోసహా చుట్టవలెను. ముఖము మాత్రము విడువవలెను. కిందను కూడ దళసరిగా పరచవలెను. తెలివిగా ఉండి మ్రింగగలిగినచో వెచ్చని తియ్యని పాలు గాని టీ గాని ఇయ్యవచ్చును. కాళ్లు చేతులు గట్టిగా రుద్దరాదు, మంటకు దగ్గరగా పెట్టరాదు. ఆలస్యము చేయక 108కి ఫోను చేయవలెను.

నిలువచేయుట

ఏ సరుకైనను పొంగు తగ్గినచో వెచ్చదనము తగ్గును. బొంతలు, రజాయిలు వారమునకు ఒకసారి మంచి ఎండలో వేసి దులుపవలెను. గడ్డకట్టిన దూదిని పారవేయక ఏకించి మరల కుట్టించుకొనినచో కొత్తదానివలె పనిచేయును. ఉన్నిని వేడి నీటిలో ఉదికినచో కుదించుకొని పోవును. చల్లని నీటిలో మెత్తని సబ్బుతో నలపక ఉదికి, నీడలో పరచి ఆరవేయవలెను. పాలిస్టరు కోటును బరువుల కింద అణచి ఉంచరాదు. ఎండకాలము వచ్చునపుడు ఉన్ని బట్టలను బాగుగా ఆరవేసి, ఎండిన వేపాకు నడుమ ఉంచి, బిగుతైన పెట్టెలో భద్రపరచవలెను. పురుగు మురికిపట్టిన ఉన్నినే ముందుగా కొట్టును గనుక ఉదుకక దాచరాదు.

జ్ఞాపకముంచుకొనదగిన అంశములు

1. వెచ్చదనము నిచ్చునది బట్టలో నిలిచిన పొడి గాలి. బట్ట పొంగి ఉండవలెను, గాలి దూరరాదు, తడియరాదు.

2. నీరు కట్టు పనికి: త్వరగా ఆరు లోపలి చొక్కా, పాలిస్టరు దూది జర్కిన్ గాని ఉన్ని స్వెట్టరు గాని, పైన వానకోటు. వెంట ఒక పొడి బనియను.

3. నెగడు ప్రక్కన కాపలాకు: అన్నిటికి పైన ఉన్ని గాని గొంగళి గాని. పాలిస్టరు, ఆక్రిలిక్, బూరుగు దూది బట్టలు నిప్పుకు దూరము.

4. పొడి కొట్టములో నిద్రకు: అడుగున వరిగడ్డి, దానిపై గోనె, బొంత, కప్పుకొనుటకు రజాయి.

5. మోటారు సైకిలు ప్రయాణమునకు: గాలి ఆపు పై పొర, ఛాతీకి వార్తాపత్రిక, చెవులకు ఉన్ని టోపీ.

6. కొనుటకు ముందు చీటీ చదువుడు, అదిమి చూడుడు, నాలుగు పోగులు కాల్చి చూడుడు.

పైరును మంచునుండి కాపాడుటకు రైతు పడు శ్రమ అందరకును తెలిసినదే. ఆ పైరును కాపాడు మనిషిని కాపాడుకొనుటకు కావలసినది పెద్ద ఖర్చు కాదు, కొంచెము ఎరుక. ఈ రాత్రి పొలమునకు పోవు ముందు మీ కోటు లోపల ఉన్న సరుకు ఏదో ఒకసారి చూచుకొని, పొడి బనియను ఒకటి సంచిలో వేసికొని బయలుదేరుడు.